గాలిమోటరు తిరిగిరాని పొద్దు

(డిసెంబర్ 14న హనుమకొండలో మాజీ సైనికులు, జూనియర్ కాలేజీ విద్యార్థులు కలిసి జరుపుకున్న సంస్మరణ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసల్లో యూనిఫాంలో కూర్చున్న ఎన్‌సీసీ పిల్లలకు, కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లకు, అందరికీ నమస్కారం.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని ఉంది. నా జేబులో మూడు పిన్నులున్నాయి, చూడండి. ఒక్కోదానికి జానెడు ఎర్రగుడ్డ పట్టీ కట్టి ఉంది. ఇవి అసలువి కావు. కడ్డీ ముక్కల్ని మా ఇంటి దగ్గర వెల్డింగ్ షాపులో వంచించాను, పట్టీలు లష్కర్ బజార్‌లో కుట్టించాను. అసలువే నా జేబులో ఉంటే ఇప్పుడు నేను మాట్లాడాల్సింది మీతో కాదు, పోలీసులతో. ఇదిగో బిడ్డా, నీకొకటి. నీకొకటి. ఆ చివర కళ్లద్దాల బాబుకొకటి. సభ అయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. కింద పెట్టొద్దు, పక్కవాళ్లకు ఇవ్వొద్దు. ఎందుకో తర్వాత చెప్తా.

పోయినేడు ఇలాంటి సభకే ఇంకో ఊరు వెళ్లాను. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో 1971 పాకిస్తాన్ యుద్ధంలో ఇదే డిసెంబర్ 14న శ్రీనగర్ మీద పోరాడుతూ పోయిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ ఫొటో ఉంది, బాగానే ఉంది. ఆయన వెనక మబ్బుల్లోంచి దూసుకొస్తున్న విమానం మాత్రం రెండు తోకలది, రెండు ఇంజన్లది. ఇప్పటి సుఖోయ్. 1971 నాటికి ఆ విమానం ఇంకా గాల్లోకి లేవనే లేదు. ఫ్లెక్సీ కొట్టిన పిల్లవాడు అక్కడే ఉంటే అడిగాను. ‘అంకుల్, ఫైటర్ జెట్ అని కొడితే ఇదే వచ్చింది. మస్తు లుక్కుంది కదా’ అన్నాడు. లుక్కుంది, కాదనను. కానీ ఆ ఒక్క బొమ్మతో సెఖోన్ చేసిన పనిలో సగం చెరిగిపోయింది. ఎలా చెరిగిపోయిందో చెబుదామనే ఇవాళ వచ్చాను.

సెఖోన్ నడిపిన విమానం పేరు నాట్. ఇంగ్లిష్‌లో ఆ మాటకు దోమలాంటి చిన్న పురుగని అర్థం. బ్రిటన్‌లో ఫోలాండ్ కంపెనీ తయారుచేసిన విమానం, తర్వాత లైసెన్సు మీద మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ వాళ్లు బెంగళూరులో కట్టారు. రెక్క ఈ కొస నుంచి ఆ రెక్క కొసకు 7 మీటర్లు కూడా ఉండదు. పొడవు దాదాపు 9 మీటర్లు. హనుమకొండ బస్టాండులో ఆగిన ఎక్స్‌ప్రెస్ బస్సు పక్కన నిలబెడితే బస్సే పెద్దగా కనపడుతుంది. దాని మీదికి వచ్చిన పాకిస్తాన్ ఫైటర్ సేబర్‌కు రెక్కలే 11 మీటర్ల పైన.

నేను నాట్ మీద పనిచేయలేదు. నేను చేరేసరికి దాని తమ్ముడు వచ్చేశాడు, అజీత్. నాట్‌లో కొన్ని మార్పులు చేసి హెచ్‌ఏఎల్ తయారుచేసిన విమానం, 1991 దాకా నడిచింది. నా చేతులకు గ్రీజు అంటింది దాని మీదే. నాది ఆర్మమెంట్ పని. అంటే తుపాకులు బిగించడం, గుండ్లు నింపడం, పైలట్ కింద ఉండే ఎజెక్షన్ సీటు, అంటే ప్రమాదంలో పైలట్ను బయటికి విసిరేసే సీటు, చూసుకోవడం. కాబట్టి తుపాకుల సంగతి కొంచెం ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి. నాట్‌కు 30 మిల్లీమీటర్ల ఏడెన్ తుపాకులు రెండు. ఒక్కోదానికి 115 గుండ్లు. వినడానికి చాలా ఉన్నాయనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కిపెట్టి ఉంచితే ఐదారు సెకన్లలో మొత్తం ఖాళీ. మీరు సెల్‌ఫోన్ జేబులోంచి తీసి లాక్ తెరిచేలోపు అయిపోతాయి. అందుకని పైలట్ అర సెకను, సెకను చొప్పున పొదుపుగా కాల్చాలి. పైగా ఆ తుపాకులు ఇరుక్కుపోయేవి. హైడ్రాలిక్స్ మొండికేసేవి. దాని మీద పనిచేసిన సీనియర్లు నాట్ పేరెత్తితే సగం ముద్దుగా, సగం తిట్టుగా మాట్లాడేవాళ్లు, ఇంట్లో పొడిచే గుణమున్న పాడి బర్రె గురించి మాట్లాడినట్టు.

అంత చిన్నది, అంత మొండిది. దాన్ని తీసేసి సుఖోయ్ పెడితే ఆ పొద్దు ఏం జరిగిందో అర్థం కాదు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ ముసలాయన ఎవరని మీకు అనుమానం ఉంటుంది. మాది మామునూరు పక్క పల్లె. నిజాం కాలంలో కట్టిన ఎయిర్‌ఫీల్డ్ మా చేలకు ఆనుకునే ఉండేది. మా బాపు ఆజంజాహి మిల్లులో షిఫ్టు దిగి, సైకిల్ మీద ఆ పక్క బాటనే ఇంటికొచ్చేవాడు. విమానం అనే మాట మేం గుళ్లో పురాణం చెప్పేటప్పుడే వినేవాళ్లం. బయట కనపడేదాని పేరు గాలిమోటరు. ఎప్పుడో ఒక చిన్న గాలిమోటరు దిగితే బర్లను చేలో వదిలేసి పరుగెత్తేవాళ్లం, తర్వాత ఆ చేను యజమాని మా వెంట పరుగెత్తేవాడు. 1962లో చైనాతో యుద్ధమప్పుడు ఢిల్లీ విమానాల్ని తెచ్చి మామునూరులో దాచారని మా పెద్దలు గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఇన్నేళ్లకు మళ్లీ అక్కడ విమానాశ్రయం అంటున్నారు, 2025లో కేంద్రం ఒప్పుకుంది కూడా. నేను బతికుండగా ఎక్కుతానో లేదో చూడాలి.

1976లో ఎయిర్‌ఫోర్స్‌లో సెలెక్ట్ అయ్యానని చెప్తే మా అవ్వ అడిగిన మొదటి మాట, ‘గాలిమోటరు తోలుతవా కొడుకా?’ అని. ‘లేదే అవ్వా, దానికి తుపాకులు బిగిస్త’ అన్నాను. ‘గదే నయం. కిందనే ఉంటవు’ అంది.

మన ప్రాంతానికీ యుద్ధ విమానాలకూ ఇంకో పాత చుట్టరికం ఉంది, మీకు ఎవరూ చెప్పి ఉండరు. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో ఏడో నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాయుసేనలో ఒక స్క్వాడ్రన్‌కు విమానాలు కొన్నారు. నంబర్ 110. దాని పేరులోనే హైదరాబాద్ చేర్చారు. రెండో యుద్ధంలో 152, 253 నంబర్ల స్క్వాడ్రన్లకు కూడా ఆ పేరు వచ్చింది. 152 చిహ్నంలో నిజాం తలపాగా బొమ్మ ఉంటుంది. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడు, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ యుద్ధనౌకల మీదికి వెళ్లిన మొదటి దాడిలో 110 ఉంది. ఆ స్క్వాడ్రన్లలో ఎంతోమంది పోయారు. పైలట్లు ఎక్కడివాళ్లో కానీ శిస్తు మాత్రం మనది. వరంగల్ సుబాలో జొన్నలు పండించినవాడి పైసా కూడా ఎక్కడో ఇంగ్లండ్ సముద్రం మీద ఎగిరి ఉంటుందని తలుచుకుంటే, గర్వపడాలో కోపం తెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తేలదు. సరే, ఆ ముచ్చట ఇంకోసారి.

సెఖోన్‌ది పంజాబ్‌లో లూధియానా దగ్గర ఇసేవాల్ అనే పల్లె. అక్కడికి దగ్గర్లోనే హల్వారా ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. వాళ్ల నాన్న కూడా వాయుసేనలో పనిచేసినాయనే. అంటే మాలాగే తల పైకెత్తి పెరిగిన పిల్లవాడన్నమాట. 1967 జూన్‌లో ఆఫీసర్‌గా కమిషన్ అయ్యాడు. 18వ స్క్వాడ్రన్‌లో నాట్ నడిపేవాడు. అక్కడ అందరూ ఆయన్ని ‘బ్రదర్’ అని పిలిచేవాళ్లు, ఎందుకంటే ఎవరు ఎదురుపడ్డా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. మన దగ్గర పుట్టి ఉంటే ‘అన్నా’ అనేవాడు. మనకైతే అదేం విశేషం కాదు, ఆటో ఎక్కినా అన్నే, చాయ్ అడిగినా అన్నే. 1971లో ఆయనకు ముప్పై నిండలేదు. పెళ్లయి ఏడాది కాలేదు.

శ్రీనగర్‌లో అప్పటిదాకా మన ఫైటర్లు ఉండేవి కావు. 1948 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైతే తప్ప అక్కడ గగనతల రక్షణ విమానాలు పెట్టకూడదు. అందుకని 18వ స్క్వాడ్రన్ నాట్‌లు కొన్ని యుద్ధంతోపాటే అక్కడికి వెళ్లాయి. మైదానంలో ఎగిరినవాళ్లకు ఆ కొండలు కొత్త, ఆ ఎత్తు కొత్త. కాశ్మీర్ డిసెంబర్ చలి సరేసరి. నేను చలికాలంలో ఉత్తరాదిన పనిచేశాను కాబట్టి ఒకటి చెప్పగలను. పొద్దున్నే విమానం రేకు మీద ఒట్టి చెయ్యి పెడితే చర్మం అంటుకుపోతుంది. స్క్రూడ్రైవర్ చేతిలో ఉందో లేదో తెలియదు, చూసుకోవాలి.

1971 డిసెంబర్ 14, మంగళవారం. యుద్ధం మొదలై పదకొండు రోజులైంది. శ్రీనగర్ రన్‌వే మీద రెండు నాట్‌లు రెండు నిమిషాల రెడీనెస్‌లో ఉన్నాయి. అంటే పిలుపు వచ్చిన రెండు నిమిషాల్లో గాల్లో ఉండాలి. ముందు విమానంలో ఫ్లైట్ లెఫ్టినెంట్ ఘుమన్, ఆయన జంటగా సెఖోన్. పెషావర్ నుంచి ఆరు సేబర్లు కొండల చాటున కిందుగా వచ్చాయి. నాలుగింటికి బాంబులున్నాయి, రెండు వాటికి కాపలా. హెచ్చరిక అందేసరికి అవి దాదాపు నెత్తి మీదికి వచ్చేశాయి. పైగా మంచు, ఏదీ సరిగ్గా కనపడదు.

ఘుమన్ ముందు లేచాడు. ఆ విమానం లేపిన దుమ్ములో సెఖోన్‌కు ముందు రన్‌వే కనపడలేదు. కొన్ని క్షణాలు ఆగాడు. ఆ కొన్ని క్షణాల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఇంజన్ నడుస్తోంది, పైన శత్రువు విమానాల చప్పుడు, ముందు దుమ్ము. ఆగమని ఎవరూ చెప్పరు, వెళ్లమనీ ఎవరూ చెప్పరు. ఆయన బ్రేకులు వదిలి పరుగందుకునేసరికి బాంబులు రన్‌వే మీద పడుతున్నాయి. పడుతుండగానే లేచాడు.

లేచాక తప్పించుకుని పక్కకు పోవచ్చు. బాంబులేసి పైకి తిరుగుతున్న రెండు సేబర్ల వెనక చేరాడు. ఆ మంచులో ఘుమన్‌కు ఇదేదీ కనపడలేదు, ఇద్దరూ విడిపోయారు. అక్కణ్ణించి సెఖోన్ ఒక్కడే. రెంటి వెనక ఉన్నాననీ, పోనివ్వననీ రేడియోలో చెప్పాడంటారు. ఇందాక చెప్పిన గుండ్ల లెక్క ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి. ఐదారు సెకన్ల సరుకు. ఒక సేబర్‌ను కొట్టాడని, ఇంకోదానికి నిప్పంటుకుందని పరమవీరచక్ర ప్రశంసాపత్రంలో ఉంది. ఇంతలో మిగతావి వెనక్కి తిరిగి వచ్చాయి. నాలుగింటికి ఒకటి. చెట్ల కొమ్మల ఎత్తులో, కొండల మధ్య గుండ్రంగా తిరుగుతూ సాగిన పోరు. కాసేపటికి ఆయనకు దెబ్బ తగిలింది. దెబ్బ తగిలినట్టుంది, నువ్వొచ్చి వీళ్ల సంగతి చూడమని ఘుమన్‌ను పిలిచిందే ఆఖరి మాట అని చెప్తారు.

ఆఖరి క్షణంలో కాక్‌పిట్ మీది అద్దం కప్పు ఎగిరిపోవడం చూసినవాళ్లున్నారు. అంటే సీటు హ్యాండిల్ లాగడానికి ప్రయత్నించాడు. ఆ రోజుల సీట్లకు నేలకు అంత దగ్గర్లో మనిషిని బతికించే సత్తా లేదు. విమానం లోయలో పడింది. శకలాలు దొరికాయి. ఎంత వెతికినా మనిషి దొరకలేదు. రెండు రోజుల తర్వాత ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, మూడో రోజు కాల్పుల విరమణ. అప్పుడు నాకు పదమూడేళ్లు. మిల్లు దగ్గర హోటల్లో రేడియో చుట్టూ మూగిన జనంలో నేనూ ఉన్నా. ఢాకా వార్తకు ఈలలు వేశాం. సెఖోన్ పేరు మాలో ఎవరికీ తెలియదు.

ఇప్పటిదాకా పరమవీరచక్ర అందుకున్నవాళ్లు 21 మంది. వాయుసేన నుంచి ఆయనొక్కడే.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి, ముఖ్యంగా పిల్లలకు. యూట్యూబ్ చూస్తే ఆయన మూడు సేబర్లు కూల్చాడని ఒకరు, నాలుగని ఒకరు, నోటికొచ్చిన లెక్క. ప్రశంసాపత్రంలో ఉన్నది నేను చెప్పినంతే. పాకిస్తాన్ వైపువాళ్లు ఆ రోజు తమ ఆరు విమానాలూ తిరిగొచ్చాయనే చెప్తారు. ఈ లెక్క పెంచితే ఆయన పెద్దవాడవుతాడని అనుకోవడం నాకు నచ్చదు. బాంబులు పడుతున్న రన్‌వే మీద ఆ దోమంత విమానాన్ని లేపి, ఒంటరినని తెలిసీ వెనక్కి తిరక్కుండా రెంటి వెనక పడ్డాడు. కూల్చిన లెక్క సున్నా అయినా ఆ పని అలాగే ఉంటుంది. ప్రశంసాపత్రం రాసినవాళ్లు కూడా ఆయన ఓడిపోలేదని రాయలేదు. సంఖ్యాబలం ముందు చివరికి లొంగక తప్పలేదని సూటిగానే రాశారు. ప్రభుత్వ కాగితాల్లో అంత సూటి మాట అరుదు.

ఆ ప్రశంసాపత్రంలో లేని మనిషి ఒకడున్నాడు. సెఖోన్‌ను సీట్లో కూర్చోబెట్టి బెల్టులు బిగించిన ఎయిర్‌మన్. ఉండడు, ఉండాల్సిన పని కూడా లేదు. కానీ నాకు ఆ ఫొటో చూసినప్పుడల్లా అతనే గుర్తొస్తాడు.

ఇప్పుడు పిన్నుల సంగతి. ఎజెక్షన్ సీటు కింద మందుగుండు ఉంటుంది. నేల మీద పొరపాటున పేలకుండా సీటుకు పిన్నులు పెడతాం, కనపడటానికి ఎర్ర పట్టీ. పైలట్ కూర్చున్నాక భుజాల బెల్టులు, నడుము బెల్టులు బిగిస్తాం. ఆ తర్వాత పిన్నులు ఒక్కోటి లాగి, చేతిలో విసనకర్రలా పట్టుకుని పైలట్ కళ్ల ముందు చూపిస్తాం. ఆయన కళ్లతో లెక్కపెడతాడు. తల ఊపుతాడు. నిచ్చెన దిగి వచ్చేస్తాం. విమానం తిరిగొచ్చి ఇంజన్ ఆగాక మొదటి పని మళ్లీ అవే పిన్నులు పెట్టడం. అప్పటిదాకా ఆ పిన్నుల బాధ్యత కింద ఉన్నవాడిది.

1980లలో ఒక పొద్దున. ఏ స్క్వాడ్రనో, ఏ ఊరో చెప్పను, ఆ కుటుంబం ఉంది. యుద్ధం కూడా కాదు, మామూలు ట్రెయినింగ్ సార్టీ. నాకంటే రెండేళ్లు చిన్న పైలట్. బెల్టు బిగిస్తుంటే ‘కొంచెం వదులు చెయ్యి, రాత్రి పరాఠాలు ఎక్కువైనయ్’ అని హిందీలో అన్నాడు. నేను వదులు చేయలేదు. పిన్నులు చూపించాను, తల ఊపాడు. వాటిని ప్యాంటు జేబులో వేసుకుని దిగాను. నాలుగు వెళ్లాయి, మూడు దిగాయి. మేం కాసేపు ఆకాశం చూశాం. తర్వాత ఎవరూ ఆకాశం చూడటం లేదు, అందరూ గోడ గడియారం చూస్తున్నారు. ఇంధనం ఎంతసేపటికో అందరికీ తెలుసు. ఆ టెన్షన్‌లో ఎవరో టీ తెచ్చి పెట్టారు, గ్లాసుల మీద మీగడ కట్టింది. చివరికి ఒక ఆఫీసర్ వచ్చి ఎఫ్-700 ఎక్కడని అడిగాడు. అది విమానం పుస్తకం. ఎవరు ఏ పని చేశారో సంతకాలుంటాయి, ఆఖరి సంతకం పైలట్‌ది. ఆ పుస్తకాన్ని తీసి సీల్ చేశారంటే ఇంక అడగాల్సిందేమీ ఉండదు.

రాత్రి బ్యారక్‌లో బట్టలు మారుస్తుంటే తొడకు ఏదో గుచ్చుకుంది. జేబులో చెయ్యి పెట్టాను. మూడు పిన్నులు. మర్నాడు పొద్దున్నే స్టోర్‌లో ఇచ్చాను. అక్కడున్న మలయాళీ కార్పొరల్ ఏం మాట్లాడకుండా లెక్కపెట్టుకుని తీసుకున్నాడు.

ఆ ఏడు పెత్రమాసకు లీవు దొరికింది. ఇంటికి వచ్చేసరికి మా అవ్వ పొద్దున్నే తానం చేసి మోదుగాకు విస్తర్లలో బియ్యమిచ్చే సామాను సర్దుతోంది. బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, ఎండుమిరపకాయలు, రెండేసి బీరకాయలు. మా తాతకొకటి, నాయనమ్మకొకటి, చిన్నప్పుడే పోయిన మా అక్కకొకటి. నాలుగో విస్తరి పరిచింది. ‘ఇదెవలకే?’ అన్నాను. ‘నువ్వు బెల్టులు కట్టి తోలిన పిలగానికి’ అంది. నేనేదో ఉత్తరంలో రెండు ముక్కలు రాస్తే మా తమ్ముడు చదివి వినిపించాడట.

అయ్యగారు వచ్చి పేరు, గోత్రం అడిగాడు. పేరు చెప్పాను. గోత్రం నాకేం తెలుసు? వాళ్లది ఏ రాష్ట్రమో, ఏ కులమో, వాళ్లలో ఈ పద్ధతి ఉందో లేదో. అయ్యగారు నా మొహం చూస్తున్నాడు. మా అవ్వే అందుకుంది. ‘మా గోత్రమే అనుకోరాదు అయ్యా. మా పోరడే కదా సాగదోలింది.’ అయ్యగారు ఇంకేం అడగలేదు, నీళ్లు వదిలించాడు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. మా వాకిట్లో తంగేడు పూలు కుప్పగా పోసి ఉన్నాయి.

(కొంచెం నీళ్లు ఇవ్వండి.)

మీలో చాలామంది ఖిలా వరంగల్ చూసే ఉంటారు. మన పల్లెల్లో చెరువు కట్టల మీద, ఊరి పొలిమేరల్లో కత్తి పట్టిన మనిషి బొమ్మతో రాళ్లు కనపడతాయి. వీరగల్లులు. కొన్నిచోట్ల వాటికి పసుపు కుంకుమ పెడతారు, కొన్నిచోట్ల బర్లను కట్టేస్తారు. వాటిలో మూడంతస్తుల రాళ్లుంటాయి. కింది అంతస్తులో ఆ మనిషి చేసిన పోరు. మధ్యలో అప్సరసలు ఆయన్ని పైకి తీసుకుపోతుంటారు, చాలా రాళ్ల మీద విమానంలోనే. పైన శివలింగం దగ్గర కూర్చుని ఉంటాడు. మా అవ్వకు తెలిసిన విమానం అదే.

రిటైరయ్యాక ఇలాంటి రాళ్లు చూడటం నాకొక పిచ్చి అయింది. పై రెండంతస్తులు ఎక్కడ చూసినా దాదాపు ఒకేలా ఉంటాయి. చెక్కేవాడికి చెయ్యి తిరిగిన పని. కింది అంతస్తు మాత్రం వేరు వేరు. ఒకాయన పులితో పోరాడుతుంటాడు. ఒకాయన ఆవులమందను అడ్డుకుంటుంటాడు, ఆవులు కూడా ఉంటాయి. ఒకాయన విల్లుతో, ఒకాయన బాకుతో. ఒంట్లో దిగిన బాణాలు చెక్కిన రాళ్లు కూడా ఉన్నాయి. పోయినవాడి చేతిలో ఉన్నది చిన్న బాకైతే, చూడటానికి బాగుంటుందని పెద్ద కత్తి పెట్టలేదు. ఊళ్లోవాళ్లు ఒప్పుకుని ఉండరు, చూసినవాళ్లు ఉన్నారు కదా.

మన ఫ్లెక్సీల్లో పై రెండంతస్తులే ఉంటున్నాయి. మబ్బులు, జెండా, వెలుగు. ఆ కింది అంతస్తులో సెఖోన్‌కు ఉండాల్సింది నాట్. చిన్నది, రెండు తుపాకులది, దుమ్ములో ఆగినది.

ఇంకొక్కరి పేరు చెప్పి ముగిస్తాను, టైం అయిపోతోందని మన సెక్రటరీ గారు వాచీ చూపిస్తున్నారు. కార్గిల్ యుద్ధం, 1999 మే 27. బటాలిక్ సెక్టార్ మీద మిగ్-27 ఇంజన్ ఆగిపోయి ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత పారాచూట్‌తో దూకాడు. ఆయన ఇంటిపేరు కంభంపాటి, వినగానే తెలుస్తుంది మన తెలుగు ఇంటిపేరని. అదే ఆకాశంలో మిగ్-21లో స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహుజా ఉన్నాడు. క్షిపణుల ప్రమాదం తెలుసు. తన దారిన తాను తిరిగి వచ్చేయొచ్చు. నచికేత ఎక్కడ దిగాడో చూడటానికి అక్కడే తిరిగాడు. క్షిపణి తగిలింది. ఆయనా దూకాడు, కానీ ప్రాణాలతో రాలేదు. ఆయన శరీరం మాత్రం ఇంటికి చేరింది. వీరచక్ర ఇచ్చారు. నచికేత పాకిస్తాన్ చెర నుంచి జూన్ 3న విడుదలయ్యాడు. ఉపనిషత్తులో యముడి గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చిన పిల్లవాడి పేరే అది. వెతకబోయినవాడు రాలేదు. ఆయనది కూడా ఎక్కడైనా చెక్కితే కింది అంతస్తులో ఆయన ఎవరినీ కొడుతూ ఉండడు, తల వంచి కిందికి చూస్తూ ఉండాలి, ఎవరినో వెతుకుతూ.

ఆడపిల్లలు ఇంతమంది వచ్చారు కాబట్టి చెప్తున్నా. మన దుండిగల్ అకాడమీలోనే 2016లో మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు కమిషన్ అయ్యారు. హనుమకొండ నుంచి దుండిగల్ ఎంత దూరమో మీకు తెలుసు. తోలాలనుకునేవాళ్లు తోలండి. కింద ఉండి తుపాకులు బిగించేవాళ్లు కూడా కావాలి, మా అవ్వ చెప్పినట్టు గదీ నయమే.

వచ్చేడాది ఫ్లెక్సీ వేయించే బాధ్యత ఎవరిదో నాకు ముందే ఫోన్ చెయ్యండి. నాట్ ఫొటో నేనిస్తాను. వెల్డింగ్ షాపు పక్కనే ఫ్లెక్సీ షాపు, పనైపోతుంది.

పిల్లలూ, పిన్నులు. ముందుకు రండి. ఒకటి. రెండు. కళ్లద్దాల బాబూ, నీది? జేబులో వేసుకున్నావా, తియ్యి, చూసి, గుచ్చుకుంటుంది. మూడు. సరిపోయాయి.

టీ చల్లారుతోంది, వెళ్దాం పదండి.